మంచులో దాచిన పెట్టెలు

లంకెబిందెలు దాచినవాడు వానిని పరుల కంట పడనీయకూడదని దాచును. వాని తరువాత వాని కొడుకులకైనను ఆ చోటు తెలియక, గోడలు పగులగొట్టి, నేల త్రవ్వి, అంజనములు వేయించి, ఉన్న ధనమును పోగొట్టుకొన్న కుటుంబములను గూర్చి మనము విని యున్నాము. నేను నేడు మీతో ముచ్చటింపబోవునది ఇందుకు సరిగా వ్యతిరేకమైన ఒక వేడుక. ఇందులో దాచినవాడు తాను దాచిన చోటును లోకమునకెల్ల చాటును. ముక్కు మొగము తెలియని వారెవ్వరో వచ్చి దానిని కనుగొనవలెననియే వాని కోరిక. దీనిని జియోకాషింగ్ అని పిలుతురు. దాచిన వస్తువు బంగారమా, వెండియా? కాదు. నీరు చొరని చిన్న పెట్టె, అందులో ఒక పుస్తకము, ఒక పెన్సిలు, పిల్లల కింపైన కొన్ని చిల్లర వస్తువులు. కనుగొన్నవాడు పుస్తకములో తన పేరును తేదీని వ్రాసి, ఏదైనను ఒక వస్తువు తీసికొనదలచినచో అంతకు తక్కువ కాని వస్తువు నుంచి, పెట్టెను ఉన్నచోటనే తిరిగి ఉంచి పోవలెను. ఇంతే ఆట.

ఈ ఆటకు మూలము ఆకాశమున నున్నది. అమెరికా ప్రభుత్వమువారి ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, నిరంతరము తమ గడియారముల కాలమును సంకేతములుగా పంపుచుండును. చేతిలోని చిన్న యంత్రము కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను అందుకొని, ఏది ఎంత ఆలస్యముగా చేరినదో లెక్కించి, తానున్న చోటును అక్షాంశ రేఖాంశములలో తెలుపును. అయితే 2000 సంవత్సరము మే నెల మొదటివరకు సామాన్యులకు అందు సంకేతములలో ఆ ప్రభుత్వమువారు బుద్ధిపూర్వకముగా కొంత తప్పును కలుపుచుండిరి. దానివలన లెక్క 100 మీటర్ల వరకు తప్పుచుండెడిది. చుట్టును 100 మీటర్లనగా ఏడున్నర ఎకరములకు పైబడిన నేల. అంత నేలలో అరచేతి పెట్టెను వెదకు టెట్లు? ఆ తప్పును తొలగించిన మరునాడే, అనగా 2000 మే 3వ తేదీన, డేవ్ ఉల్మర్ అను నాతడు ఆరెగాన్ రాష్ట్రములో బీవర్‌క్రీక్ అను ఊరి సమీపమున ఒక బకెట్టును దాచి, దాని అంకెలను ప్రకటించెను. కొలది దినములలోనే దానిని ఒకరు కనుగొనిరి. నేడు ప్రపంచమున నిట్టి పెట్టెలు ముప్పది లక్షలకు మించి యున్నవి.

ఇంత ఖచ్చితమైన అంకెలుండగా వెదకుటలో కష్టమేమని మీ కనిపింపవచ్చును. ఉద్యోగరీత్యా కొంతకాలము పొలముల కొలతలతో సంబంధము గలవాడ నగుటచే నాకును మొదట అట్లే అనిపించినది. కాని లెక్క వేసి చూడుడు. విప్పారిన ఆకాశము క్రింద చేతియంత్రము చూపు చోటునకును నిజమైన చోటునకును భేదము సుమారు అయిదు మీటర్లుండును. చెట్లకొమ్మలు దట్టముగా నున్న తావున అది ఇంకను పెరుగును. చుట్టును అయిదు మీటర్లనగా ఇంచుమించు రెండు సెంట్ల నేల. దాచినవాని అంకెలలోను ఇట్టి తప్పే ఉండును గదా! రెండు తప్పులును కలిసినచో నేల మరింత యగును. కావున ఆకాశమునందలి ఉపగ్రహములు మనలను ఒక పెరటి వాకిటివరకు తెచ్చి వదలి పెట్టుననుట సమంజసము. ఆ పెరటిలో ఏ మూల, ఏ తొఱ్ఱలో, ఏ రాతిసందున పెట్టె యున్నదో మన కన్నే కనిపెట్టవలెను. వేసవిలో కంటికి సాయము చేయునవి అనేకములు. ఒకచోట రాళ్లు పేర్చిన తీరు సహజముగా నుండదు. ఒకచోట గడ్డి నలిగి యుండును. ఒక మోడు మీద పట్టిన నాచు చెదిరి యుండును. ఆరితేరినవారు అట్టి గుర్తులను చూచి చేయి పెట్టి తీయుదురు.

మంచు పడినదా, ఈ గుర్తులన్నియు పోవును.

ఇచట ఒక మాట చెప్పవలెను. మన భాషలో మంచు అను మాటకు పని ఎక్కువ. మార్గశిరమున పొలముల మీద తెల్లవారుజామున కమ్ముకొను పొగయు మంచే, గడ్డిపరకపై నిలుచు బిందువును మంచే, హిమాలయముల మీది తెల్లని పేరుడును మంచే. నేను చెప్పునది ఈ మూడవది. నా కుమార్తె కుటుంబము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో నివసించుచుండుటచేత రెండు శీతకాలములు అచట గడపితిని. అక్కడ డిసెంబరులో నేలను కప్పిన మంచు సాధారణముగా మార్చివరకు కరగదు. మొదటి దినమున అది దూదివలె నుండును. పిదప తన బరువునకు తానే అణగి గట్టిపడును. దానిపై మరియొక పొర, ఆపై ఇంకొకటి. మన గోదావరి లంకలలో పెద్ద వరద వచ్చి తీసిన తరువాత గట్లు, హద్దురాళ్లు ఒండ్రు క్రింద పడిపోయి, ఎవని చేను ఎచటనో తెలియక రైతులు నిలుచుండు దృశ్యమును ఎరిగినవారికి ఈ స్థితి సులభముగా బోధపడును. అప్పుడు పాతకాలపు కరణము ఏమి చేసెడివాడు? వరదకు చలింపని రావిచెట్టునో, గుడి మెట్టునో ఆధారముగా పెట్టుకొని గొలుసు పట్టించి రాయిని తీయించెడివాడు. నేలమీది గుర్తు పోయినప్పుడు నేలకు పైన నున్న గుర్తే దిక్కు. మంచులో పెట్టె వెదకువానికిని ఇదే సూత్రము.

ఆ ఆటకు ఒక కట్టుబాటు కలదు. పెట్టెను నేలలో పాతిపెట్టరాదు. త్రవ్వి తీయవలసిన పని ఎవ్వరికిని కలుగరాదు. కాని మనుష్యుడు పాతని దానిని మంచు పాతిపెట్టును. వేసవిలో మోడు మొదట ఆకుల చాటున ఉంచిన పెట్టె జనవరిలో మూడడుగుల లోతున గడ్డకట్టిన నేలకు అతుకుకొని యుండును. పార పట్టి త్రవ్విన చెట్ల వేళ్లు, చిన్న మొక్కలు చెడును, పెట్టెయు పగులును. అందుచేత మర్యాదగల ఆటగాండ్రు అట్టి పెట్టెల జోలికి వసంతమువరకు పోరు. శీతకాలమున గూడ దొరకునట్లు దాచిన పెట్టెల వివరములో దాచినవారు ఒక మంచుపువ్వు గుర్తును వేయుదురు. ఆ గుర్తున్నదా లేదా యని ముందు చూచుకొనుటయే చలిలో పోవువాని మొదటి పని.

మా మనుమనికి అప్పుడు పండ్రెండేండ్లు. ఒక ఆదివారము వాడు నన్ను ఊరి వెలుపలి అడవికి పిలుచుకొని పోయెను. చలి సున్నకు దిగువ 15 డిగ్రీలు. కాళ్లకు జల్లెడవంటి వెడల్పైన అడుగులు గల మంచుపావలను తొడిగిరి. అవి లేనిదే మోకాలివరకు దిగబడుదుము. వాటితో పేరిన మంచు మీదనే నడువవచ్చును. దారిలో సగము పోవునప్పటికే వాని చేతి ఫోను ఆరిపోయినది. చలికి బ్యాటరీ శక్తి కుంగిపోవునని వాని తండ్రి ముందే చెప్పి యున్నాడు గనుక ఎవ్వరును కంగారుపడలేదు. ఫోనును చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకొని కొంతసేపు నడచితిమి. వెచ్చబడి మరల వెలిగినది. చోటు చేరితిమి. సూదులవంటి ఆకులు గల వృక్షములు నాలుగైదు. దాచినవారు ఇచ్చిన సూచన ఒక్కటే: భుజముల ఎత్తున, ఉత్తరపు వైపున. వాడు ప్రతి చెట్టు దగ్గరను తన భుజముల ఎత్తున తడిమి, ఆపై పెద్దల భుజముల ఎత్తున నన్ను తడుమ మనెను. ఏమియు లేదు.

"ఇది ఏ నెలలో దాచినారు, నాయనా?" అని అడిగితిని.

వాడు ఫోనులో చూచి, "జూలైలో, తాతయ్యా" అనెను.

జూలైలో అతడు నిలుచున్నది నేలమీద. జనవరిలో మేము నిలుచున్నది నేలకు రెండడుగుల పైన. అతని భుజములు మా కిప్పుడు నడుము దగ్గర నుండును. వంగి, మంచు బరువునకు నేలకు వ్రాలిన కొమ్మను మెల్లగా ఎత్తితిమి. కొమ్మ మంచు కొంత మా మెడలోనికి జారినది గాని, బెరడు రంగు వేసిన చిన్న గొట్టము ఒకటి తీగతో వ్రేలాడుచు కనబడినది. మనుమడు వేసిన కేక ఆ నిశ్శబ్దములో ఎంత దూరము పోయినదో చెప్పలేను.

దొరకిన తరువాత గూడ పని ముగియలేదు. గొట్టపు మూత బిగుసుకొనిపోయినది. మూత మరలలో చేరిన తడి గడ్డకట్టి లక్కవలె పట్టుకొనును. బలముగా త్రిప్పిన ప్లాస్టికు చలికి పెళుసై పగులును. గొట్టమును కొంతసేపు చంకలో నుంచుకొని పిదప తెరచితిమి. కలము వ్రాయదు, సిరా చిక్కబడిపోవును. అందుకే అచట పెన్సిలు. చేతితొడుగు తీసి రెండు మాటలు వ్రాయునప్పటికి వ్రేళ్లు కొయ్యబారినవి. చేతితొడుగు తీసి ఉంచవలసిన కాలమును లెక్కపెట్టుకొని పని చేయుట అచటి పిల్లలకు అలవాటు. పని అంతయు నోటితో ముందు చెప్పుకొని, అప్పుడు తొడుగు తీయుదురు.

మంచు దాచుటయే గాక చాటింపు వేయుటయు కలదు. మన కాలిజాడలు పెట్టె దగ్గరకు రాజమార్గమువలె కనబడును. తరువాత వచ్చువాడు యంత్రమైనను చూడకుండ ఆ జాడవెంట వచ్చి తీసికొనును. అందులో వానికి వేడుక ఏమున్నది? ఆట ఎరుగని ఆకతాయి వచ్చి పెట్టెను పారవేసినను పారవేయును. కనుక తెలిసినవారు చుట్టుపట్ల చెట్లకెల్ల తిరిగి దొంగజాడలు వేసి పోవుదురు. మా మనుమడు ఈ పనిని వెదకుటకన్నను ఎక్కువ ఉత్సాహముతో చేసెను. పులిజాడలను చూచి వేటగాడు నడచుట విన్నాము గాని, తన జాడలకు తానే చిక్కు వేయు వేటను నేను అక్కడనే చూచితిని.

ఈ సంగతులు వినుచున్న పెద్దలలో కొందరు, ఇది పిల్లకాయల ఆటయే గదా, ఇంత విచారమేల యనుకొనవచ్చును. మంచులో వస్తువును దాచి మరల దానిని కనుగొనుట ప్రాణములతో ముడిపడిన విద్యగా నుండిన సందర్భమును చెప్పెదను. 1911 సంవత్సరమున నార్వే దేశీయుడైన అముండ్సెన్, ఆంగ్లేయుడైన స్కాట్, ఇరువురును దక్షిణధ్రువమును చేరుటకు పోటీపడిరి. వందలకొలది మైళ్లు ఒక్క చెట్టు, ఒక్క రాయి లేని తెల్లని బయలు. పోవునప్పుడు తిరుగుదారికి కావలసిన ఆహారమును, నూనెను మూటలుగా అక్కడక్కడ మంచులో దాచి పోవలెను. తిరిగి వచ్చునప్పుడు ఆ మూట కనబడినచో బ్రదుకు, లేనిచో చావు.

అముండ్సెన్ తన మూటల దగ్గర ఒక్క జెండాతో తృప్తిపడలేదు. గాలివానలో దారి కొంచెము తూర్పునకో పడమటికో తప్పినచో ఒక్క జెండా కనబడునా? అందుచేత అతడు మూటకు ఇరుప్రక్కలను, దారికి అడ్డముగా, మైళ్లకొద్దీ నల్లని జెండాలను వరుసగా పాతించెను. ప్రతి జెండాకును గుర్తు వేసి, మూట ఏ వైపున ఎంత దూరమున నున్నదో తెలియునట్లు చేసెను. దారి తప్పివచ్చినవాడు ఆ వరుసలో ఏదో ఒక జెండాకు తగులక పోడు. జెండాలు చాలనిచోట ఎండుచేపలను మంచులో నిలువుగా గ్రుచ్చిరి! ధ్రువమునకు పోవు దారిలో ఆరడుగుల ఎత్తున 150 మంచుదిబ్బలు కట్టించి, ఒక్కొక్కదానిలో ఒక కాగితము నుంచెను. ఆ కాగితములో దిబ్బ సంఖ్య, అది యున్న చోటు, వెనుకటి దిబ్బకు పోవలసిన దిక్కు, దూరము వ్రాయబడి యుండెను. నేటి ఆటలోని పెట్టెకును ఆ దిబ్బకును భేదమేమి? అతడు 1911 డిసెంబరు 14వ తేదీన ధ్రువమును చేరి, తన అనుచరులందరితోను సురక్షితముగా తిరిగివచ్చెను.

స్కాట్ ధైర్యమునకు కొరత లేదు. అతని పెద్ద మూటకు ఒకటన్ను మూట యని పేరు. దానిని 80వ అక్షాంశము దగ్గర దాచవలెనని సంకల్పము. గుఱ్ఱములు నీరసించుటచే, 1911 ఫిబ్రవరి 17వ తేదీన, అనుకొన్న చోటికి సుమారు 57 కిలోమీటర్లు ఇవతలనే దాచి వెనుకకు మరలిరి. మరుసటి యేట, 1912 జనవరి 17వ తేదీన, స్కాట్ ధ్రువమును చేరెను. ముందుగా వచ్చినవారి జెండా అచట ఎగురుచుండెను. తిరుగుదారిలో ఒక హిమనదము మీద దారి తప్పి, చేతిలో ఒక్క పూట తిండి మిగిలియుండగా మూటను కనుగొనిరి. పిదప దొరకిన మూటలలో నూనె డబ్బాలు వెలితిగా నుండెను. ఎవ్వరును దొంగిలింపలేదు. డబ్బా మూతలకు వేసిన తోలు బిళ్లలు చలికి చెడి, నూనె ఆవిరియై పోయినది. నూనె లేనిచో మంచు కరగదు. మంచు కరగనిచో త్రాగుటకు నీరైనను లేదు. స్కాట్, అతని ఇరువురు సహచరులు ఆ ఒకటన్ను మూటకు ఇంకను 20 కిలోమీటర్ల దూరమున, తుపాను విడువక గుడారములోనే ప్రాణములు విడిచిరి. అతని దినచర్యలో చివరి మాట వ్రాసిన తేదీ 1912 మార్చి 29. మూట మొదట సంకల్పించిన చోటనే యుండినచో వారు అప్పటికే దానిని దాటి యుందురు. వారు బ్రదికి యుండెడివారని ఎవ్వరును రూఢిగా చెప్పజాలరు. కాని మూట ఎచట దాచితిమి, దానికి గుర్తు ఏమి, దాని మూత ఎట్టిది అను మూడు ప్రశ్నలును ఎంత బరువైనవో ఆ గుడారము చెప్పుచున్నది.

ఈ మూడు ప్రశ్నలే నేటి ఆటలో దాచువాని ఎదుటను నిలుచుచున్నవి. మంచుపువ్వు గుర్తు వేయదలచినవాడు పెట్టెను నేలమీద ఉంచడు. పేరిన మంచునకు పైన, కొమ్మకో కంచెకో వ్రేలాడదీయును. సూచనలో ఎత్తును చెప్పినచో నేలనుండి చెప్పినదో మంచునుండి చెప్పినదో తెలియునట్లు వ్రాయును. రబ్బరు బిళ్ల గల మూతను ఏరుకొనును. ఇనుప స్తంభమునకు అయస్కాంతముతో అంటించిన పెట్టె కూడ తడి గడ్డకట్టి ఊడిరాదని ఎరిగి యుండును. నా అభిప్రాయములో వెదకువాని తెలివికన్న దాచువాని ముందుచూపే ఈ ఆటలో గొప్పది. వెదకువానికి గెలుపు వలన పేరు వచ్చును; దాచువానికి పేరైనను రాదు.

వెదకువాడు గూడ కొన్నింటిని తప్పక ఎరిగి యుండవలెను. గడ్డకట్టిన చెరువు మీదుగా అడ్డదారి తొక్కుట అన్నిటికన్న చెడ్డ ప్రలోభము. కాలినడకన పోవువానికి కనీసము నాలుగంగుళముల మందమైన స్వచ్ఛమైన మంచుగడ్డ కావలెనని మిన్నెసోటా సహజవనరుల శాఖవారు హెచ్చరించుచున్నారు. తెల్లగా బుడగలతో నుండు గడ్డకు బలము సగమే. కొండప్రాంతములలో పెంకుటింటి కప్పువలె వాలిన చరియలు, 30 డిగ్రీలు మొదలు 45 డిగ్రీల వరకు వాలు గలవి, మంచు ఒక్కపెట్టున జారిపడుటకు తావులు. ఎల్లప్పుడు ఆకులుండు చెట్ల మొదట క్రింది కొమ్మల చాటున మంచు గట్టిపడక గుల్లగా నుండును. చూపునకు చదునుగా నుండును గాని కాలుపెట్టిన తలక్రిందుగా కూలును, బయటికి వచ్చుట దుర్లభము. పెట్టె చెట్టు మొదటనే యున్నదని యంత్రము చూపుచుండగా అచటనే ఈ గొయ్యి యుండుట చిత్రము! శీతకాలమున ఆ దేశములో సాయంకాలము నాలుగున్నరకే ప్రొద్దు క్రుంకును. ఇంటిలోనివారికి పోవు చోటు, వచ్చు వేళ చెప్పి పోవుట, ఇద్దరికి తక్కువ కాకుండ పోవుట, పెట్టె దొరకకున్నను అనుకొన్న వేళకు మరలుట వారి కట్టుబాట్లు. మా అల్లుడు మరలు వేళకు గడియారములో గంట పెట్టును. గంట మ్రోగినచో పెట్టె రెండడుగుల దూరమున నున్నను వెనుదిరుగవలసినదే. మా మనుమనికి ఈ నియమము మీద చాల కోపము. నేను అల్లుని పక్షము.

ఏప్రిలులో మంచు కరగిన పిదప, దాచినవారు తమ తమ పెట్టెలను చూచుకొనుటకు బయలుదేరుదురు. కొన్ని నీటికి కొట్టుకొనిపోయి యుండును. కొన్నింటిలోనికి తడి చేరి, పుస్తకము గడ్డకట్టి, కరగి, అట్టముద్దయై యుండును. వానిని తీసి, క్రొత్త పుస్తకము, చెక్కిన పెన్సిలు ఉంచి, మూతను తుడిచి బిగింతురు. ఎండినచో చదువదగిన పాత పుస్తకములను ఇంటికి తెచ్చి భద్రపరచుకొనువారు కలరు. మా అల్లుడు దాచిన పెట్టెలోని అట్టి పుస్తకమును నేను చూచితిని. వేసవి పుటలలో పేర్లు కిక్కిరిసి, వంపులు తిరిగిన సంతకములతో, చమత్కారపు మాటలతో నిండియున్నవి. జనవరి, ఫిబ్రవరి నెలలకు కలిపి ఉన్నది ఒక్క పుట. అందులో పేర్లు ఆరు. అక్షరములు వణకి, వంకరలు పోయి, ఒక పేరు సగములోనే ఆగిపోయి యున్నది.